నమ్ముట, అనుకొనుట

మన నిత్యవ్యవహారములో నమ్ముట, అనుకొనుట అను రెండు మాటలను ఇంచుమించు ఒకే అర్థమున వాడుచుందుము. 'ఆయన వచ్చునని నమ్ముచున్నాను' అనుటకును, 'ఆయన వచ్చుననుకొనుచున్నాను' అనుటకును భేదము కొంచెమేయని తోచును. కాని మతవిషయమున ఈ రెండింటికిని చాల దూరము కలదు. నమ్మువాడు తనకంటె గొప్పవానిపై భారము వేయును. అనుకొనువాడు తన లెక్కపైననే భారము వేయును. నమ్మినవాడు ప్రశ్నకు వెరవడు. అనుకొన్నవాడు తన లెక్క తప్పునేమోయని ప్రశ్నను గుమ్మము దాటి రానీయడు. చిక్కేమనగా, పెక్కు సంవత్సరములుగా అనుకొనుచు వచ్చినదానినే మనము క్రమముగా నమ్మకమని పిలుచుటకు అలవాటుపడుదుము. ఆపైన దానిని ఎవరైన కదలించినచో, దేవునినే కదలించినట్లు నొచ్చుకొందుము.

క్రైస్తవ విశ్వాసమున ఎదుగుట యనగా క్రొత్త సంగతులు కొన్ని నేర్చుకొనుట మాత్రమే కాదు. పూర్వాభిప్రాయములను కొన్నింటిని విడుచుట కూడ అందులోని భాగమే. ఈ సంగతి బైబిలులోనే స్పష్టముగా కానవచ్చును. నతనయేలు అను యోగ్యుడు, క్రీస్తు నజరేతు ఊరివాడని వినగానే, అట్టి పల్లెనుండి మేలైనదేదియు రాజాలదని పెదవి విరిచెను. స్నేహితుడు అతనితో వాదింపలేదు. స్వయముగా వచ్చి చూడుమని మాత్రము పిలిచెను. యొప్పే పట్టణమున మిద్దెపై ప్రార్థించుచున్న పేతురునకు కలిగిన దర్శనము సుప్రసిద్ధము. తన జాతివారు అపవిత్రమని దూరముంచిన దానిని దేవుడు పవిత్రపరచినపుడు దానిని నిషిద్ధమనుటకు నీవెవ్వడవను భావము ఆ దర్శనములో అతనికి తెలిసెను. అటుపిమ్మట పేతురు, అన్యజాతివాడగు కొర్నేలి యను సైనికాధికారి గడప దాటవలసివచ్చెను. ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. పేతురు అప్పటికి అవిశ్వాసి కాడు, శిష్యులలో ప్రధానుడు. విశ్వాసము లేనివానికి కాదు, ఉన్నవానికే ఈ పాఠము కావలసివచ్చెను.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల శ్రోతలు ఈ పాఠమునకై యొప్పే వరకు పోనక్కరలేదు. కొత్తగూడెము వైపు శాఖామార్గము చీలు డోర్నకల్ జంక్షనులో రైలు దిగిన చాలును. ఈ మూడు జిల్లాలలో చాలభాగము 2016వ సంవత్సరము వరకు వరంగల్ జిల్లాలోనిదే. డోర్నకల్ నేడు మహబూబాబాదు జిల్లాలో నున్నది. మహబూబాబాదునకు పూర్వనామము మానుకోట. నిజాము ప్రభుత్వకాలమున ఈ మానుకోట ప్రాంతమునకు 1904 నుండి కొందరు తమిళ క్రైస్తవులు సువార్తసేవకై వచ్చిరి. వారిని పంపినది ఇంగ్లండు సంఘము కాదు, అమెరికా సంఘము కాదు. తిరునల్వేలిలోని భారతీయ క్రైస్తవులే 1903లో తమ సొంత ధనముతో, తమ సొంత మనుష్యులతో ఒక సంఘమును స్థాపించుకొనిరి. దానికి మూలపురుషుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విళై యను గ్రామమున, ఒక పల్లెటూరి గురువునకు కుమారుడుగా జన్మించెను. యువకుడై వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతట తిరుగుచున్న కాలమున, 1902లో సింహళమందలి జాఫ్నాకు పోయెను. అచ్చటి తమిళ క్రైస్తవులు తామే సువార్తికులను ఇతర ప్రాంతములకు పంపి పోషించుట చూచెను. అంతవరకు సువార్తను పంపుట పాశ్చాత్యుల పని, అందుకొనుట మన పని యని భారతీయ క్రైస్తవులు అనుకొనుచుండిరి. ఎవరును దానిని సిద్ధాంతముగా బోధింపలేదు. అయినను అది సిద్ధాంతమువలె నడచుచుండెను. పూర్వాభిప్రాయముల స్వభావమే అది. వాటిని ఎవరును ప్రకటింపరు, కావున ఎవరును ఖండింపరు. జాఫ్నాలో కంటికి కనబడినదానితో ఆ అభిప్రాయము వీగిపోయెను. పంపించుటతో ఆగక, 1909లో అజరయ్య గురుపట్టాభిషిక్తుడై తానే డోర్నకల్ చేరి, ముప్పదియైదవ యేట తెలుగు అక్షరములు దిద్దుకొనెను.

మరుసటి సంవత్సరము, అనగా 1910 జూనులో, స్కాట్లండులోని ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియాఖండవాసులు ఇరువదిమందికి మించరు. అజరయ్య వారిలో నొకడు. తెల్లవారగు మిషనరీలకును, భారతీయులగు పనివారికిని గల సంబంధమును గూర్చి ఆయన ఆ సభలో మాటాడెను. మీరు మాకై ధనమును వెచ్చించితిరి, శ్రమపడితిరి, ప్రాణములు సయితము ధారపోసితిరి, అందులకు కృతజ్ఞులము, అయినను మాకు కావలసినది స్నేహము, మాకు స్నేహితులను దయచేయుడు అని ఆ ప్రసంగ సారాంశము. సభలో కొందరు మెచ్చిరి; కొందరు ముఖము చిట్లించిరి. పైన కూర్చుండి యిచ్చుటయే ప్రేమయని యనుకొన్నవారికి, ప్రక్కన కూర్చుండుమని యడుగుట కష్టముగా తోచుట సహజము.

అజరయ్యను బిషప్పు చేయవలెనని మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టినపుడు ఈ కష్టము మరింత బయటపడెను. భారతీయుడు సంఘమును నడుపగలడా, తెల్లవారగు గురువులు అతని అధికారమునకు లోబడుదురా యని ఐరోపా మిషనరీలలో పలువురు శంకించిరి. భారతీయ క్రైస్తవులలోను కొందరు వెనుకాడిరి. రెండవది మొదటిదానికంటె ఆలోచింపదగినది. మనలను తక్కువగా నెంచువారి అభిప్రాయమును మనమే మనలో దాచుకొని పోషింతుము. తుదకు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అజరయ్యకు బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడాయనయే. డోర్నకల్ డయోసిసు, అనగా బిషప్పు పాలనలోని ప్రాంతము, అప్పటికి చిన్నది. తరువాత అది కృష్ణాతీరము వరకు విస్తరించెను. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లోనే ఆయన కన్నుమూయువరకు, ముప్పదిరెండు సంవత్సరములు ఆయన ఆ పదవిలో నుండెను. అంతకాలమును ఒక డయోసిసునకు అధిపతియైన భారతీయ ఆంగ్లికన్ బిషప్పు మరియొకడు లేడు. ఒక అభిప్రాయము ఒకరి విషయమున ఓడిపోయినను, మిగిలినవారి విషయమున ఎంతకాలము నిలిచియుండునో దీనివలన తెలియును.

ఇక రెండవ అభిప్రాయమును గూర్చి. డోర్నకల్ ప్రాంతమున క్రైస్తవులైనవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడలలోని కూలీలు, వెట్టివారు. ఒక్కొక్కరుగా కాక, వాడలకు వాడలే బాప్తిస్మమునకు వచ్చెడివి. వీరికి చదువు రాదు, తత్త్వవిచారము తెలియదు, వీరు కూటికై వచ్చినవారేగాని మతమునకై వచ్చినవారు కారని పట్టణములలో చదువుకొన్న క్రైస్తవులు సయితము అనుకొనిరి. 1936, 37 ప్రాంతముల గాంధీమహాత్ముడు తన 'హరిజన్' పత్రికలో ఇట్టి సామూహిక మతాంతరములను తీవ్రముగా విమర్శించెను. మతముల తారతమ్యమును విచారించు శక్తి ఆ నిరుపేదలకు లేదని ఆయన తలంపు. ప్రలోభపెట్టుట, మిషనుల నడుమ పోటీ అనునవి కొన్ని చోట్ల జరిగిన మాట వాస్తవము. కావున ఆ విమర్శను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. కాని పేదవాడు ఆలోచింపజాలడనునది విమర్శ కాదు, అది పూర్వాభిప్రాయము. అజరయ్య దానినే ఎదిరించెను.

ఆయన దానిని ప్రధానముగా పనితో ఎదిరించెను. బాప్తిస్మమునకు ముందు మాసముల తరబడి బోధ జరుగవలెనని నియమించెను. పగలు పొలములో పనిచేసి వచ్చినవారు రాత్రివేళ గుడిసెల ముందు కూర్చుండి, ప్రభుప్రార్థనను, పది ఆజ్ఞలను, విశ్వాసప్రమాణమును ఒకరినుండి యొకరు విని కంఠస్థము చేసిరి. అక్షరము రానివారికి చెవియే పలక. బాప్తిస్మము పొందినవారు తమ తలపై తామే చేయి యుంచుకొని, తాము సువార్తను ప్రకటింపకున్నచో తమకు శ్రమయని ఒప్పుకొనుటను ఆయన అలవాటు చేసెను. పౌలు అపొస్తలుడు తన్నుగూర్చి చెప్పుకొన్న మాటను పల్లెటూరి కూలి తన నోట చెప్పుకొనెను. అనగా, నేర్చుకొనువాడని అందరు అనుకొన్నవాడు మొదటి దినమునుండియే నేర్పువాడాయెను. దాని ఫలితము ఎవరును ఊహింపనిది. వాడలలో త్రాగుడు, కలహము తగ్గుట చూచి, ఊరిలోని ఇతర కులములవారును వేలకొలది క్రైస్తవమును గూర్చి తెలిసికొన వచ్చిరి. నిన్నటివరకు ఎవరిని దూరముగా నిలిపిరో, వారినుండియే వినవలసివచ్చెను. ఆయన మరణించునాటికి ఆ డయోసిసులోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటియుండెను.

ఆ కాలముననే అమెరికా మెథడిస్టు మిషనరీ యగు వాస్కం పికెట్ ఇట్టి ఉద్యమములను పలు ప్రాంతములలో పరిశీలించి 1933లో ఒక గ్రంథమును ప్రకటించెను. జనులు ఏ ఉద్దేశముతో వచ్చిరనుదానికంటె, వచ్చిన పిదప వారికి ఎట్టి బోధ, ఎట్టి సాంగత్యము లభించెననునదే వారి ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయించునని ఆయన తేల్చెను. ఇది మనందరికిని వర్తించును. మనలో ఎవరును శుద్ధమైన ఉద్దేశముతోనే విశ్వాసములోనికి రాలేదు. కొందరు తల్లిదండ్రుల వెంట, కొందరు రోగభయముచేత, కొందరు వివాహముచేత వచ్చిరి. వచ్చిన ద్వారము ఏదని ఇతరులను అడుగుటకంటె, లోపల ఎంతదూరము నడిచితిమని మనలను మనమడుగుకొనుట మేలు.

మూడవ అభిప్రాయము, పేదవాడు పుచ్చుకొనవలసినవాడేగాని ఈయగలవాడు కాడనునది. డోర్నకల్ పల్లెలలో స్త్రీలు ప్రతిపూట వంటకు ముందు ఒక పిడికెడు గింజలు వేరొక కుండలో వేసి, వాటిని సంఘమునకు సమర్పించుట అలవాటు చేసికొనిరి. క్రైస్తవుని ఇచ్చుగుణమును గూర్చి అజరయ్య ఒక గ్రంథమునే వ్రాసెను. పిడికెడు గింజలతో గురువు జీతము పూర్తిగా జరుగకపోవచ్చును. కాని ఇచ్చిన చేయి మరల మునుపటివలె ముడుచుకొనదు. భర్తయు యజమానియు పెట్టినదే తినవలసిన స్త్రీ, తన యింటి గింజలనుండి తన నిర్ణయముతో ఒక పాలు తీయుట చిన్న సంగతి కాదు.

నాల్గవది వేషభాషలకు సంబంధించినది. క్రైస్తవ దేవాలయమనగా కోసుగా నున్న గోపురము, రంగుటద్దముల కిటికీలు, ఆంగ్లపు రాగములు అని చాలమంది తలంచెడివారు. డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్‌ను చూచినవారికి ఆ తలంపు నిలువదు. అందులో ముసల్మానుల కట్టడములలోని గుమ్మటములును మీనారులును, దక్షిణదేశపు దేవాలయ మండపముల రీతి స్తంభములును, క్రైస్తవుల సిలువయు ఒకచోట కలిసియున్నవి. నిర్మాణము చాలకాలము సాగి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. అది తూర్పుదేశపు జ్ఞానులు శిశువగు క్రీస్తును దర్శించిన సంగతిని స్మరించు పండుగ దినము. తూర్పువారు తమ కానుకను తామే తెచ్చిరను భావము ఆ దినమునకును, ఆ కట్టడమునకును కూడ సరిపోయినది.

ఈ నేలకు ఇట్టి ఆలోచన క్రొత్తది కాదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరు వినగానే పాల్కురికి సోమనాథుడు జ్ఞప్తికి వచ్చును. భక్తికి సంస్కృతభూయిష్ఠమగు కావ్యభాషయే తగునని పండితులు తలంచిన కాలమున, ఆ వీరశైవకవి జానుతెనుగును, ద్విపదను చేపట్టి సామాన్యభక్తుల కథలు చెప్పెను. ఆయన మతము వేరు, కాలము వేరు. అయినను దేవుడు మన యింటి మాటను ఆలకించునను ధైర్యము ఒక్కటే. పురుషోత్తమ చౌధురి 19వ శతాబ్దిలో రచించిన కీర్తనలు నేటికిని తెలుగు సంఘములలో వినవచ్చుచుండుటకు ఆ ధైర్యమే కారణము.

ఐదవ అభిప్రాయము, మా శాఖయే అసలైన సంఘమనునది. మన ప్రాంతమున హనుమకొండ కేంద్రముగా 1879 నుండి అమెరికన్ బాప్టిస్టులు పనిచేసిరి. డోర్నకల్‌లో ఆంగ్లికనులు, మెదకులో మెథడిస్టులు నుండిరి. కతోలికులకు 1952లో వరంగల్ డయోసిసు ఏర్పడెను. ఒక పల్లెవాడు ఏ శాఖవాడగుననునది తరచుగా అతని విశ్వాసమువలన కాక, ఏ మిషను బండి ఏ బాటన వచ్చెననుదానివలన నిర్ణయమైనది. లండనులోను జర్మనీలోను వందల యేండ్ల క్రిందట జరిగిన తగవులకు మానుకోట రైతుకూలి వారసుడాయెను. 1935లో తాను హిందువుగా మరణింపనని ప్రకటించిన డాక్టరు అంబేద్కరు, పిదప అజరయ్యను కలిసినపుడు, మేము వచ్చినచో మీ శాఖలలో దేనిలో చేరవలెను, మా ఐక్యము ఎట్లు నిలుచునని ప్రశ్నించినట్లు అజరయ్య చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆ ప్రశ్నకు సరియైన ప్రత్యుత్తరము ఆయనయొద్ద లేకపోయెను. సంఘముల ఐక్యమునకై ఆయన 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశము నాటినుండియే కృషిచేయుచుండెను. ఇరువదియెనిమిది సంవత్సరముల చర్చల పిదప, 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము అవతరించెను. బిషప్పులుగల సంఘములును, బిషప్పులు లేని సంఘములును తమ తమ పట్టుదలలను సడలించి ఏకమైరి. దానిని చూచుటకు అజరయ్య లేడు.

ఇంతవరకు చెప్పినది గెలుపుల చరిత్రగా తోచవచ్చును. మిగిలియున్నదానిని చెప్పకున్న సత్యమునకు లోపము కలుగును. బాప్తిస్మముతో కులము కొట్టుకొనిపోవుననునది కూడ ఒక పూర్వాభిప్రాయమే. అజరయ్య తన జీవితమంతయు సంఘములో కులభేదము పనికిరాదని బోధించెను. అయినను మాలలు ఒకవైపు, మాదిగలు ఒకవైపు కూర్చుండు దేవాలయములు, ఒకే ఊరిలో రెండు వాడలకు రెండు ప్రార్థనామందిరములు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. వివాహమాడువేళ కులము నడుగని క్రైస్తవకుటుంబములు నేటికిని తక్కువ. ఇదియట్లుండగా చట్టము మరియొక విధముగా చూచుచున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది వర్తించెను గాని క్రైస్తవులకు వర్తింపలేదు. తెలుగు రాష్ట్రములలో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గములో చేర్చిరి. ఊరు అతని కులమును మరువలేదు. చట్టము మాత్రము మారినదని యెంచుచున్నది. సంఘము తనలోని కులమును దాచుకొని, బయటివారి న్యాయమును మాత్రము ప్రశ్నించినచో ఆ ప్రశ్నకు బలముండదు.

అయినచో అన్నింటిని విడువవలసినదేనా? కాదు. విడువవలసినది అనుకొన్నదానినిగాని నమ్మినదానిని కాదు. అజరయ్య తన మతవిశ్వాసమున ఏమాత్రము సడలింపు చూపినవాడు కాడు. కొందరికి కఠినుడుగా సయితము కనబడెను. ఏది విశ్వాసమో, ఏది పూర్వాభిప్రాయమో తెలిసికొనుటకు ఒక గుర్తు కలదు. విశ్వాసము మనలను సాధారణముగా పొరుగువాని యింటికి పంపును. పూర్వాభిప్రాయము పొరుగువానిని మన గుమ్మమునకు బయట నిలుపును. మొదటిది మననుండి ఏదియో అడుగును; రెండవది మనకున్న పీటను కాపాడును. మనకు చాల హాయినిచ్చు అభిప్రాయమును మనము రెండుసారులు పరీక్షించుకొనుట మంచిది.

పైనిచెప్పిన ఉదాహరణములలో ఒకటియు వాదమువలన తేలలేదు. జాఫ్నాలో చూచుటవలన, ఎడింబరోలో స్నేహమడుగుటవలన, డోర్నకల్ గుడిసెల ముందు రాత్రులు కూర్చుండుటవలన తేలినవి. కావున ఎవరైన నిజముగా ఎదుగగోరినచో, గ్రంథము విప్పుటతోపాటు తలుపును కూడ తీయవలెను. జనగామలోగాని, మహబూబాబాదులోగాని, భూపాలపల్లి గనుల ఊళ్లలోగాని ఆదివారము ఆరాధన ముగిసిన పిదప, ఇంతవరకు మన యింట భోజనము చేయని ఆ రెండవ వాడవారిని ఒక్క కుటుంబమును పిలిచి, వారితో ఒకే పంక్తిని కూర్చుండవచ్చును. వారు పిలిచినపుడు పోవచ్చును. పిలుచుటకంటె పిలిచినచోటికి పోవుటయే కొందరికి కష్టము. పేతురునకును కొర్నేలి గడపయొద్ద కష్టమైనది అదియే. అతడు లోనికి పోయెను.